చేప జిగురూ, కేన్సరు మందూ, మా పిన్నీ

మూడేళ్ల క్రితం ఒక ఆదివారం పొద్దున్నే బాబాయి ఫోను. "ఒరేయ్, నీకో లింకు పంపాను, చూశావా? చేప ఒంటి మీద జిగురుతో రొమ్ము కేన్సరు పోతుందట. కెనడావాళ్లు కనిపెట్టారట. నువ్వు ఇంగ్లీషు బాగా చదువుతావు కదా, నిజమో కాదో కాస్త చూసి చెప్పు."

అప్పటికి మా పిన్నికి ఎనిమిది విడతల కీమోలో నాలుగు అయ్యాయి. ఆ నాలుగూ ఎర్ర మందు. జుట్టంతా ఊడిపోయింది, నోటినిండా పుళ్లు, మంచినీళ్లు కూడా చేదు. "ఇంక నా వల్ల కాదు, మిగతా నాలుగూ వద్దు" అని మొండికేసి కూర్చుంది. సరిగ్గా అప్పుడొచ్చింది వాట్సాపులో ఆ కబురు.

నేను డాక్టర్ని కాను. ఇరవయ్యేళ్లుగా కోడు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. కానీ మన ఇళ్ల సంగతి తెలిసిందే కదా, కంప్యూటరు ముందు కూర్చునేవాడికి ప్రింటరు బాగుచెయ్యడం దగ్గర్నుంచి ప్రాణం నిలబెట్టడం దాకా అన్నీ తెలిసి ఉండాలి. సరేనని రెండు రాత్రులు కూర్చుని తవ్వాను. ఇలాంటి కబుర్లు శుద్ధ అబద్ధాలైతే తేల్చెయ్యడం తేలిక. దీంతో వచ్చిన చిక్కేమిటంటే, ఇది అబద్ధం కాదు! 2011లో కెనడాలోని హాలిఫాక్స్ నుంచి వచ్చిన అసలు పరిశోధనాపత్రం దొరికింది. చేప జిగురులోంచి పుట్టిన పదార్థం రొమ్ము కేన్సరు కణాల్ని చంపిందని అందులో స్పష్టంగా ఉంది. మరైతే మందెక్కడ? ఎందుకు రాలేదు? ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే చాలా పెద్ద కథే బయటపడింది. అదే ఇక్కడ చెప్పబోతున్నాను.

సొరచేప వదిలేసిన చేప

ఎర్రసముద్రంలో నాలుకలా బల్లపరుపుగా ఉండి, అడుగున ఇసుకలో కూరుకుని బతికే చేప ఒకటుంది. అక్కడివాళ్లు దాన్ని మోషే చేప అంటారు. మోషే సముద్రాన్ని రెండుగా చీల్చినప్పుడు సరిగ్గా మధ్యలో ఉన్న చేప కూడా రెండు బద్దలైపోయిందట, అందుకే అంత పల్చగా ఉందట. శాస్త్రీయ నామం పార్డాకిరస్ మార్మొరేటస్.

1970ల మొదట్లో యూజీనీ క్లార్క్ అనే అమెరికన్ శాస్త్రవేత్త (పత్రికలవాళ్లు ఆవిణ్ణి 'షార్క్ లేడీ' అనేవాళ్లు) దీని మీద పడ్డారు. ఈ చేపని పట్టుకుంటే రెక్కల మొదట్లోంచి పాలలాంటి ద్రవం కారుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆవిడ ఒక తాడుకి మామూలు చేపల్నీ ఈ చేపనీ కలిపి కట్టి సొరచేపలున్న చోట వదిలారు. అవి మామూలు చేపలన్నిటినీ మింగేసి దీన్ని మాత్రం వదిలేశాయి. నోట పెట్టుకోబోయిన సొరచేప తెరిచిన నోరు తెరిచినట్టే తల విదిలించుకుంటూ పారిపోయింది. ఆవిడ అక్కడితో ఆగలేదు. అదే చేప ఒంటిని ఆల్కహాలుతో తుడిచి మళ్లీ వేశారు. ఈసారి గుటుక్కుమని మింగేసింది! అంటే కథంతా ఆ ద్రవంలో ఉందన్నమాట. మనవాళ్లు డీబగ్గింగులో చేసేదీ ఇదే కదా, ఒక్కటి మాత్రమే మార్చి మళ్లీ నడిపి చూడ్డం.

1974లో నేషనల్ జియోగ్రాఫిక్‌లో ఈ సంగతి రాగానే అందరి చూపూ సొరచేపల్ని తరిమే మందు మీద పడింది. అది కుదరలేదు. తీసిన విషం నిలవ ఉండదు, శక్తి పోతుంది. తర్వాత 1980లలో జ్లాట్‌కిన్, గ్రూబర్ అనే ఇద్దరు తేల్చిందేమిటంటే, ఆ విషం పనిచేసే తీరు సబ్బులాంటిది, షాంపూల్లో వాడే డిటర్జెంటు కూడా సొరచేప నోట్లోకి కొడితే దాన్ని తరుముతుంది. కానీ ఈదేవాడి చుట్టూ నీళ్లలో కలపాలంటే ఎంత సబ్బు కావాలో ఊహించుకోండి. ఆ ఆలోచన కూడా మూలపడింది.

అయితే 'సబ్బులాంటిది' అన్న మాట గుర్తుపెట్టుకోండి, దాంతో పనుంది. 1986లో లజరోవిచి, ప్రిమోర్, లోవ్ అనే ముగ్గురు ఆ ద్రవంలోని అసలు సరుకుని శుద్ధి చేసి, అది కణాల పొరలకి చిల్లులు పొడుస్తుందని చూపించారు. దాని పేరు పార్డాక్సిన్. 33 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, అంటే పెప్టైడు. 1996లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో ఓరెన్, షాయ్ ఇదే పార్డాక్సిన్‌నీ దాని ముక్కల్నీ బాక్టీరియా మీద ప్రయోగిస్తే అవి చచ్చాయి. సొరచేపల మందు కాస్తా పదేళ్లలో యాంటీబయాటిక్ అయింది.

పురుగూ, కప్పా

ఇంతకీ చేపలో బాక్టీరియాని చంపేది ఉంటుందన్న ఊహ ఎక్కణ్ణుంచి వచ్చింది? దానికి రెండు వేరే జీవుల్ని తలుచుకోవాలి.

మొదటిది పట్టుపురుగు జాతిది, పేరు సెక్రోపియా. స్వీడన్‌లో హన్స్ బోమన్ అనే ఆయన దాని ప్యూపాలకి బాక్టీరియా ఎక్కించి, అది ఎలా తట్టుకుంటోందో చూశాడు. పురుగులకి మనలా యాంటీబాడీలుండవు. అయినా తట్టుకుంటున్నాయి. కారణం చిన్న పెప్టైడులని 1981లో తేలింది. వాటికి సెక్రోపిన్లని పేరు పెట్టారు.

రెండోది కప్ప. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మైఖేల్ జాస్లాఫ్ ఆఫ్రికా కప్పలకి ఆపరేషన్ చేసి, కుట్లు వేసి, మళ్లీ అదే మురికి తొట్టిలో వదిలేసేవాడు. కొన్నాళ్లకి అనుమానమొచ్చింది... ఈ మురికినీళ్లలో వీటి గాయాలు చీము పట్టవేం? వెతికితే కప్ప చర్మంలో పెప్టైడులు దొరికాయి. 1987లో ప్రకటించాడు. హీబ్రూలో డాలుని 'మాగెన్' అంటారు, అందుకని మగైనిన్లు అన్నాడు. అంతకుముందు ఎంతమంది ఆ కప్పల్ని కోసి కుట్టి ఉంటారో! లాగ్ ఫైల్లో అందరికీ కనబడే లైనునే ఒకడు ఆగి చదివినట్టు.

ఇక ఆ లెక్కన చేపల్లో ఉండదా? నీళ్లంటేనే సూక్ష్మజీవుల సంత. చేప రోజంతా అందులో మునిగే ఉంటుంది, దానికున్న మొదటి గోడ ఒంటి మీది జిగురే. 1997లో కోల్, వైస్, డైమండ్ అనేవాళ్లు వింటర్ ఫ్లౌండర్ అనే మరో బల్లపరుపు చేప చర్మపు జిగురులో 25 అమైనో ఆమ్లాల ప్లూరోసిడిన్‌ని పట్టుకున్నారు. 2001లో సిల్ఫాడువాంగ్, నోగా మరో జాతి చేపల్లో, వాటి రక్షణ కణాల్లోనే నిలవ ఉన్న పిస్సిడిన్లని చూపించారు. మన ఇళ్లల్లో కొరమీను తెచ్చి ఉప్పూ పసుపూ వేసి రుద్ది రుద్ది కడుక్కునే జిగురు చూశారా, చేపకి అదే కోటగోడ.

కేన్సరుకేమిటి సంబంధం?

బాక్టీరియాని చంపేది కేన్సరు కణాన్నెందుకు చంపాలి? నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

ఈ పెప్టైడుల్లో చాలావాటికి ధనావేశం ఉంటుంది. మడత పడినప్పుడు ఒక పక్క నీళ్లతో కలుస్తుంది, రెండో పక్క నూనెతో కలుస్తుంది. సబ్బులాగే. బాక్టీరియా పై పొర ఋణావేశంతో ఉంటుంది, కాబట్టి పెప్టైడు వెళ్లి అంటుకుంటుంది. అంటుకుని పొరలో దూరి చిల్లు పొడుస్తుంది, లేదా తివాచీలా పరుచుకుని పొరనే చీలికలు పేలికలు చేస్తుంది. లోపలి సరుకంతా కారిపోయి బాక్టీరియా చస్తుంది.

మన ఆరోగ్యమైన కణాల పొరకి బయటివైపు దాదాపు ఏ ఆవేశమూ ఉండదు. ఋణావేశమున్న ఫాస్ఫాటిడిల్‌సెరీన్ అనే కొవ్వుని కణం లోపలివైపే దాచి ఉంచుతుంది. కేన్సరు కణంలో ఈ క్రమశిక్షణ చెడుతుంది. ఆ కొవ్వు కొంత బయటికి తేలుతుంది, పైన అతుక్కునే కొన్ని చక్కెరలు కూడా ఋణావేశాన్ని పెంచుతాయి. అంటే విద్యుదావేశం దృష్ట్యా కేన్సరు కణం కాస్త బాక్టీరియాలా కనబడుతుంది!

1991లోనే మగైనిన్లు కేన్సరుగా మారిన కణాల్ని చంపుతాయని జాస్లాఫ్ కూడా ఉన్న ఒక బృందం చూపించింది. 2011లో హాలిఫాక్స్‌లో డేవిడ్ హాస్కిన్ బృందం ప్లూరోసిడిన్ కుటుంబంలోని రెండు పెప్టైడుల్ని రొమ్ము కేన్సరు కణాల మీద వేస్తే అవి చచ్చాయి, ఎర్ర రక్తకణాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఎలుకల్లో పెంచిన మానవ రొమ్ము కేన్సరు గడ్డలు కూడా పెరక్కుండా ఆగాయి. 2012లో తైవాన్‌లో జి-యీ చెన్ బృందం మన పాత పార్డాక్సిన్‌తోనే ఎలుకల్లో గడ్డల్ని అదుపు చేసింది. 2015లో కుక్కలకొచ్చే ఒక రకం గడ్డల మీద కూడా పనిచేసిందని రాశారు.

బాబాయి పంపిన లింకు ఇక్కడితో ఆగిపోయి చివర మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టింది. అసలు కథ ఇక్కడే మొదలు.

నా మెషీన్‌లో పనిచేస్తోంది సార్

మన వృత్తిలో ఈ మాట అననివాడు లేడు. గాజు పళ్లెం అంటే డెవలపర్ లాప్‌టాప్. ఎలుక అంటే, మహా అయితే, టెస్ట్ సర్వరు. మనిషి ఒళ్లు ప్రొడక్షన్.

హాలిఫాక్స్ ఎలుకల్లో పెప్టైడుని ఎక్కడ ఎక్కించారో తెలుసా? నేరుగా గడ్డలోకే సూదితో. పైగా అవి రోగనిరోధక శక్తి లేకుండా పుట్టించిన ఎలుకలు. లేకపోతే మనిషి గడ్డ వాటిలో పెరగనే పెరగదు. మనిషిలో కేన్సరు ఒకచోట ఉండిపోతే కోసి తీసేస్తారు, అసలు భయం పాకినదాంతోనే. పాకినదాన్ని పట్టుకోవాలంటే మందు రక్తంలో తిరగాలి. రక్తంలో పెప్టైడుల్ని ముక్కలు చేసే ఎంజైములు కాచుకుని ఉంటాయి. అవి తినెయ్యగా మిగిలేలా మోతాదు పెంచితే, ఆ చిల్లులు పొడిచే గుణమే మన రక్తకణాల మీదకి తిరగబడే ప్రమాదం. ఆవేశంలో తేడా కొంచెమే కదా, గీత గీసినట్టు ఉండదు. ఇవన్నీ దాటినా, పెప్టైడుల్ని ప్రయోగశాలలో కట్టడం ఖరీదైన పని.

ఇక చేప పులుసు తింటేనో, జిగురు తాగితేనో అంటారా? పెప్టైడంటే ప్రోటీను ముక్కే. కందిపప్పు ఎలా అరుగుతుందో అదీ అలాగే అరుగుతుంది.

అలాగని దారి మూసుకుపోలేదు. నార్వేలోని ట్రోమ్సోలో ఆవుపాల ప్రోటీను నుంచి తయారుచేసిన ఎల్‌టిఎక్స్-315 అనే చిన్న పెప్టైడు మనుషుల మీద ట్రయల్స్ దాకా వెళ్లింది. దాన్ని కూడా గడ్డలోకే ఎక్కిస్తారు. కణాలు పగిలి చిందిన సరుకుని చూసి మన రోగనిరోధక శక్తి మేలుకుంటుందని ఆశ. చేపల పెప్టైడుల్లో మాత్రం ఈనాటికీ ఒక్కటి కూడా కేన్సరు మందుగా ఆమోదం పొందలేదు.

ఒకే జంతువు, రెండు దారులు

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని భాగం.

మగైనిన్ మందుతో జాస్లాఫ్ ఒక కంపెనీ పెట్టాడు. మధుమేహం వల్ల కాళ్లకయ్యే పుళ్లకి వాడే లేపనంగా అది పరీక్షలన్నీ దాటి వెళ్లినా, 1999లో అమెరికా ఔషధ సంస్థ ఒప్పుకోలేదు. ఉన్న మందులకంటే మెరుగని చూపించలేదంది. ఈలోగా 1993లో ఆయన బృందమే చిన్నజాతి సొరచేప కడుపులోంచి స్క్వాలమిన్ అనే మరో సూక్ష్మజీవనాశకాన్ని తీసింది (ఇది పెప్టైడు కాదు, స్టెరాయిడు జాతి). గడ్డలకి రక్తనాళాలు పెరగకుండా అది ఆపుతుందని తేలింది. మనుషుల్లో కేన్సరు మీద పరీక్షించారు. కొన్ని ఆశలు, ఎన్నో నిరాశలు. మందు కాలేదు. 2009లో ఆ కంపెనీ మూతపడింది.

అదే కాలంలో ఇంకో కథ. మృదులాస్థిలో రక్తనాళాల్ని ఆపే పదార్థం ఉందని 1983లో లీ, లాంగర్ రాశారు. అదీ నిజమే. 1992లో విలియం లేన్ అనే ఆయన 'సొరచేపలకి కేన్సరు రాదు' అని పేరు పెట్టి పుస్తకం వేశాడు. మర్నాడు టీవీలో కూడా వచ్చేసరికి (1993 అనుకోండి, చరిత్రలో అది మర్నాడే) సొరచేప మృదులాస్థి పొడి అమెరికా అంతటా అమ్ముడుపోయింది. సొరచేపలకి కేన్సరు వస్తుంది! 2004లో ఆస్ట్రాండర్ బృందం సొరచేపలూ వాటి దగ్గరి చుట్టాల్లో 42 గడ్డల్ని లెక్కగట్టి చూపించింది. పొడిని నిజంగా రోగుల మీద పరీక్షిస్తే, 2005లో 83 మంది మీద చేసిన ట్రయల్‌లో ఏ ప్రయోజనమూ కనబడలేదు. 2010లో మృదులాస్థి సారంతో 379 మంది ఊపిరితిత్తుల కేన్సరు రోగుల మీద చేసినదాంట్లోనూ అంతే.

చూశారా తమాషా? రెండు కథల్లోనూ జంతువు ఒకటే, మొదలు ఒకటే, గాజు పళ్లెంలోని నిజం కూడా దాదాపు ఒకటే. పరీక్ష రాసినవాడు తప్పాడు, దుకాణం మూసుకున్నాడు. పరీక్ష రాయకుండానే అమ్మినవాడి సరుకు ఏళ్ల తరబడి అమ్ముడైంది. కొన్నది ఎవరు? మా పిన్నిలాంటి వాళ్లే. మిగతా నాలుగు విడతలూ వద్దనుకున్నవాళ్లు. నా అభిప్రాయంలో ఇది సైన్సు ఓటమి కాదు. తప్పానని తేల్చుకోగలగడమే దాని పని. దాన్ని చేతకానితనంగా చూపించి పక్కనే కొట్టు తెరవడం, అదీ నేరం.

ఇన్సులిన్ సీసాలో సాల్మన్

అయితే చేప నుంచి మందు రాదా? వచ్చింది, మన ఇళ్లల్లోనే ఉంది. 1874లో స్విట్జర్లాండులోని బాజెల్‌లో ఫ్రీడ్రిక్ మీషర్ (డీఎన్ఏని మొదట వేరుచేసింది ఈయనే) రైన్ నది సాల్మన్ చేపల వీర్యంలోంచి ప్రోటమిన్ అనేదాన్ని తీశాడు. అదీ ధనావేశమున్న చిన్న ప్రోటీనే, దానికీ బాక్టీరియాని చంపే గుణముంది. కానీ మందుగా మారింది వేరే పనికి. 1936లో డెన్మార్క్‌లో హాగెడార్న్ ఇన్సులిన్‌కి దాన్ని కలిపితే, ఇన్సులిన్ మెల్లగా కరిగి ఎక్కువసేపు పనిచేసింది. మన అమ్మానాన్నలు అరచేతుల మధ్య దొర్లించి వేసుకునే, పాలలా తెల్లగా ఉండే 30/70 ఇన్సులిన్ ఉందే, అందులో ఉన్నది ప్రోటమినే. గుండె ఆపరేషన్ అయ్యాక, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన హెపారిన్‌ని విరిచేదీ అదే. వెల్లుల్లి కూడా ముట్టని మా మావయ్యకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు :-)

మీషర్ నుంచి హాగెడార్న్ దాకా 62 ఏళ్లు. సముద్రపు స్పంజిలో 1986లో దొరికిన హాలికాండ్రిన్ నుంచి పుట్టిన ఎరిబులిన్, ముదిరిన రొమ్ము కేన్సరుకి మందుగా అమెరికాలో ఆమోదం పొందింది 2010లో. 24 ఏళ్లు. ప్లూరోసిడిన్ దొరికి ఇంకా ముప్ఫయ్యేళ్లు కాలేదు. రేపు రావచ్చు, రాకపోనూ వచ్చు.

పిన్నికి ఏం చెప్పాను

ఇదంతా చెప్తే వింటుందా? నేనొకటే చెప్పాను. "పిన్నీ, బాబాయి పంపింది అబద్ధం కాదు. కానీ అది ఎలుక దాకా వచ్చి ఆగింది. నీకెక్కించిన ఎర్ర మందుందే, అదీ ప్రకృతి మందే. ఇటలీలో ఒక పాత కోట దగ్గరి మట్టిలోని సూక్ష్మజీవుల వంశంలోంచి వచ్చింది. మట్టి వెతుకుతుంటే దొరికింది. 1974లో అమెరికాలో మందయింది. ఇప్పుడు ఇవ్వబోయే టాక్సాల్ ఒక చెట్టు బెరడు నుంచి వచ్చింది. 1962లో ఆ బెరడు ఒలిచారు, మందు ఆమోదం పొందింది 1992లో. ముప్ఫయ్యేళ్లు. ఆ చేప ఇంకా పరీక్ష రాస్తోంది. ఈ చెట్టు పాసై వచ్చింది."

పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే పాసైనదే వేయించుకుంటాలే" అంది. నా లెక్చరు పనిచేసిందని నేను అనుకోవడం లేదు. ఆవిడ ఆంకాలజిస్టు నోటిపుళ్లకి మందు మార్చి, "ఈ నాలుగూ ఆ నాలుగంత ఉండవమ్మా" అని పావుగంట కూర్చుని చెప్పారు, ఎక్కువ పనిచేసింది అదీ. మిగతా నాలుగూ అయ్యాయి, ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఆర్నెల్లకోసారి చెకప్పులు.

మొన్న సంక్రాంతికి వెళ్తే వంటింట్లో కొరమీను రుద్దుతోంది. నన్ను చూసి, "ఏరా, మందంతా కడిగి పారబోస్తున్నానా?" అంది. జుట్టు మళ్లీ ఒత్తుగా వచ్చింది, కాకపోతే ఈసారి ఉంగరాలు తిరిగి.

తా.క.: మీ ఇంట్లో గ్రూపులో ఇలాంటి లింకు వస్తే విసుక్కోకండి, పంపినవాళ్లు భయంలో ఉండి పంపుతారు. మూడే ప్రశ్నలు వేయండి: గాజు పళ్లెంలోనా, ఎలుకలోనా, మనుషుల్లోనా? మనుషుల్లో అయితే ఎంతమందిలో? దేనితో పోల్చి? ఆ పైన డాక్టరుకి చూపించండి. నేనైతే కోడు రాసుకునేవాణ్ణి మాత్రమే.